ఆండీస్ దుమ్ములో పుట్టిన బొచ్చు

గాజు గిన్నెలో రెండంగుళాల మందాన మెత్తటి బూడిదరంగు పొడి పోసి పెడితే చించిల్లా అనే చిన్న జంతువు ముందు అంచు దగ్గర ఆగి, మీసాలాడిస్తూ వాసన చూస్తుంది. మరుక్షణం లోపలికి దూకి, ఒక పక్కకు పడి, గిర్రున తిరిగి రెండో పక్కకు పొర్లుతుంది. మన పెరళ్లలో కోళ్లు మట్టిలో పొర్లినట్టే ఉంటుంది. పది పదిహేను నిమిషాలకు ఒళ్లు విదిలించుకుని బయటికొస్తుంది. దానికి స్నానమంటే ఇదే. నీళ్లు మాత్రం పోయకూడదు.

కారణం ఆ బొచ్చే. మనకు ఒక కుదురులో ఒకటో రెండో వెంట్రుకలు మొలుస్తాయి. చించిల్లాకు 50కి పైగా మొలుస్తాయి. అంత ఒత్తయిన బొచ్చులోకి నీరు దిగితే ఓ పట్టాన ఆరదు. ఒళ్లు చల్లబడుతుంది, చర్మానికి బూజు పడుతుంది. పొడి మాత్రం వెంట్రుకల మొదళ్ల దాకా వెళ్లి జిడ్డునూ చెమ్మనూ పీల్చేస్తుంది. ఈ పద్ధతిని మనుషులెవరూ కనిపెట్టలేదు. చిలీ, బొలీవియా, పెరూ, అర్జెంటీనాల్లో ఆండీస్ పర్వతాల పొడి నేలల మీద, అగ్నిపర్వతాల దుమ్ములో పొర్లి పొర్లి ఈ జంతువే అలవాటు చేసుకుంది.

బొచ్చు మెత్తదనం ఇంకాల కాలానికే పేరుపడింది. స్పెయిన్ మతబోధకుడు హోసే దె అకోస్తా 1590లో అచ్చయిన తన గ్రంథంలో ఈ చిన్న జంతువు చర్మపు నునుపును మెచ్చుకుంటూ రాశాడు. ఆ మెప్పే దాని పాలిట శాపమైంది. 19వ శతాబ్దంలో యూరప్, అమెరికా సంపన్నుల బొచ్చు కోట్ల కోసం ఉత్తర చిలీ కొండల్లో వేట జోరందుకుంది. ఒక్క పొడవాటి కోటుకు వందకు పైగా చర్మాలు కావాలి. వేటగాళ్లు ఉచ్చులు పన్నారు, కుక్కల్ని ఉసిగొల్పారు. 1900 ప్రాంతానికి ఏటా లక్షల చర్మాలు ఓడలెక్కేవి. పదేళ్లు తిరిగేసరికి ఆ సరుకే కరువైంది. 1910లో నాలుగు దేశాలూ వేటను ఆపాలని ఒప్పందం చేసుకున్నాయి. చిలీలో గట్టి చట్టం 1929లో గానీ రాలేదు. అప్పటికే చాలా కొండలు ఖాళీ అయిపోయాయి.

చించిల్లాకు ఆత్మరక్షణ లేకపోలేదు. నక్క నోట చిక్కితే పట్టుబడిన చోట బొచ్చు కుచ్చుగా ఊడి వస్తుంది. నక్కకు ఆ కుచ్చు మిగులుతుంది, జంతువు తప్పించుకుంటుంది. ఉచ్చు ముందు ఆ ఉపాయం పనిచేయలేదు. ఇంట్లో పెంచేవాళ్లు గట్టిగా పట్టుకున్నా అలాగే ఊడుతుంది. మళ్లీ మొలవడానికి నెలలు పడుతుంది.

ఈ జాతి ఇళ్లలోకి రావడానికి ముఖ్య కారకుడు మథయస్ చాప్మన్. చిలీలోని ఒక రాగి గనిలో పనిచేసిన అమెరికన్ ఇంజినీరు. 1918లో ఒక స్థానికుడు అమ్మజూపిన చించిల్లాను కొన్నాక, మరిన్ని కావాలని మనసైంది. 23 మంది మూడేళ్లు కొండలు గాలించినా పనికొచ్చేవి ఓ డజను కూడా దొరకలేదు. అసలు కష్టం అక్కడి నుంచే. ఎత్తయిన చలి కొండల జంతువుల్ని ఒక్కసారిగా సముద్రతీరపు వేడిలోకి దించితే బతకవు. అందుకని ఒక్కో మెట్టు దింపుతూ, ఏడాది పాటు అలవాటు చేశాడు. ఓడలో గూళ్లకు మంచుగడ్డలతో చల్లదనం ఇచ్చాడు. 1923 ఫిబ్రవరిలో 11 చించిల్లాలు కాలిఫోర్నియా చేరాయి. అమెరికాలోని పెంపుడు చించిల్లాల్లో చాలావాటి వంశం వీటి నుంచే.

ఆ ఓపిక గొప్పదే, కానీ ఆయన వాటిని పెంచే ఫారం నడిపింది చర్మాల వ్యాపారం కోసమన్నది మరిచిపోకూడదు. ఈనాటి బొచ్చు సంరక్షణలో చాలా భాగం ఆ ఫారాల్లోనే రూపుదిద్దుకుంది. బొచ్చు నాణ్యత పోటీల్లో న్యాయనిర్ణేత చించిల్లా వీపు మీద మెల్లగా ఊదుతాడు. బొచ్చు విచ్చుకున్న చోట అడుగున ముదురు నీలిబూడిద రంగు, మధ్యలో తెల్లటి పట్టీ, కొసన నలుపు కనిపిస్తాయి. ఆ పట్టీలు ఎంత స్పష్టంగా ఉంటే అంత విలువ. సన్నటి పళ్ల లోహపు దువ్వెనతో తోక మొదలు నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా తల వైపు దువ్వుకుంటూ వస్తారు.

పొడి వాడకంలోనూ అనుభవం చెప్పిన జాగ్రత్తలున్నాయి. ఏటి ఇసుక పనికిరాదు. రేణువులు ముతక కాబట్టి వెంట్రుకల మొదళ్లకు చేరవు. వారానికి రెండు మూడు సార్లు చాలు, గాలిలో తేమ ఎక్కువైతే ఇంకోసారి. గిన్నె రోజంతా ఉంచితే చర్మం పొడిబారి కళ్లు మండుతాయి. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటితే వడదెబ్బ భయం మొదలవుతుంది. ఒత్తు బొచ్చులోంచి ఒంటి వేడి బయటికి పోదు, పైగా వీటికి చెమట పట్టదు. మన ఎండాకాలంలో ఏసీ లేని గదిలో చించిల్లాను ఉంచడం దాన్ని చంపడమే.

ఇక అడవిలో మిగిలినవాటి కోసం చిలీలో ఇల్యపెల్ దగ్గర ఔకోలో 1983లో లాస్ చించిల్లాస్ అభయారణ్యం ఏర్పడింది. కొండల్లో మిగిలినవి తక్కువే. అడవి చించిల్లాలు నేటికీ అంతరించే ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలోనే ఉన్నాయి. ఫారాల్లో పుట్టినవాటిని తిరిగి కొండల్లో వదిలిన ప్రయత్నాలు ఫలించలేదు.