గొంతు కోత – ప్రాణ రక్షణ

'గొంతు కోశాడు' అంటే మన వాడుకలో ద్రోహం చేశాడని అర్థం. అందుకేనేమో, మా మామూజాన్‌కు ఊపిరాడక, గొంతు ముందు భాగాన రంధ్రం చేసి గొట్టం పెట్టాలని డాక్టర్లు అన్నప్పుడు ఇంటిల్లిపాదీ వద్దన్నారు. వద్దన్న వారిలో మేమూ ఉన్నాము. సంతకం పెట్టేసరికి తెల్లవారింది. ఆ భయం ఎంత పాతదో తరువాత చదివితే తెలిసింది.

ప్రాచీన గ్రీకు వైద్యుడు అరెటియస్, శ్వాసనాళము మృదులాస్థి గనుక కోస్తే తిరిగి అతకదన్నాడు. ఆంటిల్లస్ మాత్రం నాళపు కట్ల నడుమ కోయవచ్చునన్నాడు. కనుక ఈ విద్యకు మనవారే ఆద్యులని గొప్పలు చెప్పుకొనుట సరికాదు. మనవారు చేసింది, ఆ భయం నిజమా కాదా అని కళ్ళారా చూచుట.

అందలూసియాలో ఖుర్తుబా దాపున ఉండిన అబుల్ ఖాసిం జహ్రావీ (936–1013) తన 30 భాగాల 'అల్-తస్రీఫ్'లో ఒక దాసి సంగతి రాశాడు. ఆమె కత్తితో తన గొంతు తానే కోసుకుంది. ఆయన వెళ్ళి చూస్తే పెద్ద రక్తనాళాలు తెగలేదు, గాయం నుండి గాలి మాత్రం పోతోంది. వెంటనే కుట్లు వేశాడు. ఆమె బతికింది, గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే. దీన్నిబట్టి ఈ కోతలో ప్రమాదం లేదని ఆయన తేల్చాడు. అయితే తమ దేశంలో ఎవరూ దీన్ని చేయగా చూడలేదని కూడా దాచకుండా రాశాడు. మాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఉర్దూ బడుల్లో ఆయన పేరు చెబుతాము, ఆ దాసి సంగతి చెప్పము!

తరువాత ఇష్బీలియా వైద్యుడు ఇబ్న్ జుహ్ర్ (మరణం 1162) ఒక మేక శ్వాసనాళం కోసి, తేనె నీళ్ళతో గాయం కడుగుతూ మాన్పాడు. మేక చాలా కాలం బతికింది.

ప్రమాదం అసలే లేదని కాదు. 1909లో అమెరికా డాక్టరు షెవాలియర్ జాక్సన్ కోతకు పద్ధతి ఏర్పరచాడు. 1921లో ఆయనే, మరీ పైన కోస్తే తరువాత నాళం ఇరుకైపోతుందని హెచ్చరించాడు. దానితో కంఠమణి కిందనున్న పొరను కోయుట దాదాపు మానేశారు. 1976లో బ్రాంటిగన్, గ్రో అనే వైద్యులు 655 మంది రోగుల లెక్క చూపి ఆ నిషేధాన్ని సడలించారు. ఇప్పుడు ఊపిరికి వేరే దారి లేని అత్యవసరంలో అక్కడే కోస్తారు.

రక్తస్రావం, కఫంతో గొట్టం పూడిపోవుట నేటికీ ఉన్నవే. మొదటి వారంలో గొట్టం ఊడితే మరీ ప్రమాదం, దారి ఇంకా గట్టిపడి ఉండదు. అందుకే రాత్రిళ్ళు మేము వంతులు వేసుకొని కూర్చున్నాము. మాట రాదు గనుక మామూజాన్‌కు పలక, బలపం ఇచ్చాము. ఆయన మొదట రాసింది, చాయ్ ఎప్పుడిస్తారని.