పాత వేట తుపాకికి మరమ్మతు

చలనచిత్రములలో జమీందారుగారి భవనమును చూపవలసివచ్చినపుడు గోడమీద పులితోలును, దాని ప్రక్కన పాత తుపాకిని వ్రేలాడదీయుట పరిపాటి. హైదరాబాదులోని జూబిలీ హిల్సు, ఫిలింనగరు నేడు తెలుగు చిత్రపరిశ్రమకు నెలవులు. ఒకప్పుడవి బండరాళ్ళతోను, పొదలతోను నిండిన గుట్టలు. అక్కడ మిగిలిన అడవియే 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానవనమైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటకు కాలము చెల్లినది. తుపాకులు మాత్రము కొన్ని కుటుంబములలో తాతల ఆస్తిగా మిగిలియున్నవి. అట్టిదానిని కొద్దిపాటి సొమ్ముతో బాగుచేయించ దలచినవారు ముందు తెలిసికొనవలసినది రెండు సంగతులు: అది ఏ కాలపుది? దాని నాళ మెట్టిది?

మొదటి తుపాకులలో మందును, గుండును మూతినుండి దట్టించి, మండుచున్న వత్తితో రంజకము నంటించెడివారు. 1807లో స్కాట్లండు మతాచార్యుడు అలెగ్జాండరు ఫోర్సైతు, దెబ్బ తగిలినంతనే పేలు రసాయనముతో మందు నంటించు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ శతాబ్దిలోనే వెనుకనుండి తూటా పెట్టు తుపాకులు వాడుకకు వచ్చినవి. పులివేటకు ప్రసిద్ధుడైన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పాలనాకాలము (1869–1911) నందు తుపాకిమందే మారిపోయినది. 1884లో ఫ్రాన్సున పాల్ వియే పొగలేని మందును కనిపెట్టెను.

ఈ మార్పులోనే అపాయ మున్నది. పాత నల్లమందులో నూటికి సుమారు 75 పాళ్ళు సురేకారము, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకము ఉండును. పాత నాళములు దీని ఒత్తిడికే తగినట్లు చేయబడినవి. కొత్త తూటాలోని మందు వానిపై మోయరాని ఒత్తిడి కలిగింపవచ్చును. అపుడు నాళము చీలి, పేల్చినవాని చేతినో కంటినో హరించును.

పంతొమ్మిదవ శతాబ్దపు వేట తుపాకులలో అనేకము "డమాస్కసు" నాళములు గలవి. ఇనుమును, ఉక్కును పట్టీలుగా కలిపి మెలిపెట్టి, కడ్డీచుట్టు త్రాడువలె చుట్టి, ఎఱ్ఱగా కాల్చి సుత్తితో అతికెడివారు. అందుచేతనే వానిపై అలలవంటి చారలు కనిపించును. మేలిమి కత్తులకును డమాస్కసు అనియే పేరు. కాని వాని చారలు అతుకులవలన గాక, మూసలో కరగించిన ఉక్కు స్వభావమువలన కలిగినవి. అట్టి ఉక్కుకు నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము పేరొందినది. పారసీక వర్తకులు అక్కడకు వచ్చి ఉక్కు కొనుచుండిరని భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ వ్రాసెను. ఆ రచన 1832లో అచ్చైనది. పేరొకటే యైనను కత్తి వేరు, నాళము వేరు. నాళపు అతుకులలో తుప్పు చేరినచో పైకి నిగనిగలాడుచున్నను లోపల బలహీనమై యుండును. నల్లమందు మసి తేమను పీల్చి ఆ తుప్పును పెంచును.

కావున ధనము తక్కువగా నున్నవారు తుపాకిని పేలునట్లు చేయించుటకు గాక, చెడిపోకుండ నిలుపుకొనుటకు పూనుకొనుట మేలు. ఎన్నో ఏండ్ల క్రిందట దట్టించిన మందు లోపల నిలిచియుండవచ్చును. మొదట దానిని తెలిసినవారిచే పరీక్షింపజేయవలెను. పైతుప్పును నూనె తడిపిన మెత్తని గుడ్డతో మెల్లగా తీయవచ్చును. గరుకు కాగితము, ఆమ్లము వాడరాదు. అవి చేసినవాని ముద్రను, నాళపు పరీక్షా చిహ్నములను చెరపివేయును. ఎండిన కొయ్యభాగమునకు అవిసెనూనె పలుచగా రాసి తుడిచిన చాలును. వీనికయ్యెడి ఖర్చు స్వల్పము.

మీటను, స్ప్రింగును బాగుచేయుట వేరు విషయము. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము తుపాకి మరమ్మతు చేయువానికి లైసెన్సు ఉండవలెను. ప్రాచీన ఆయుధములకు ఆ చట్టము మినహాయింపు నిచ్చినది గాని, మరమ్మతు చేసినను పేలని వానికే అది వర్తించును. చవుకగా దొరికెనని ఊరి కమ్మరిచే చేయించుకొన్నచో ప్రాణమునకును, చట్టమునకును ముప్పే.

వెండితెరమీది తుపాకి నిజముగా పేలనక్కరలేదు. ఇంటి గోడమీది తుపాకియు అంతే. దానిపై మిగిలిన ముద్రలు, చారలు, అతుకులు ఆ నాటి లోహకారుల విద్యను చెప్పును. వానిని చెరపక నిలుపుటయే దానికి తగిన మరమ్మతు.