గాలి ఒప్పుకున్న రేవులు

2008 చివర్లో కొచ్చికి వచ్చిన వోల్వో ఓషన్ రేస్ మళ్లీ ఆ రేవు ముఖం చూడలేదు. ప్రపంచాన్ని చుట్టివచ్చే ఆ తెరచాప పడవల పందెం ఆ ఏడు కేప్‌టౌన్ నుంచి కొచ్చికి, అక్కణ్నుంచి సింగపూర్‌కి, చైనాలోని చింగ్‌దావ్‌కి సాగింది. ఆసియాలోని ఆ మూడు ఊళ్లూ ఒక్కసారితో సరిపెట్టుకున్నాయి. దీనికి మామూలుగా చెప్పే కారణం డబ్బు. ఆతిథ్యానికి ఊరు సొమ్ము కట్టాలి, స్పాన్సర్లకు అక్కడ గిరాకీ ఉండాలి, ఈ రెండూ కుదిరిన చోట పందెం ఆగుతుంది అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ 1973 నుంచి ఈ పందెం ఆగిన రేవులను వరసగా చూసుకుంటూ వస్తే వేరే సంగతి తేలుతుంది. డబ్బు పందేన్ని ఏ రేవుకైనా రప్పించగలిగింది గానీ, గాలి ఒప్పుకోని చోట నిలపలేకపోయింది.

కొచ్చి రేవులో లోపమేమీ లేదు. 1341 వరదల్లో తెరుచుకున్న ఆ సముద్రపు వాకిలికి అడ్డుగా ఉన్న ఇసుక మేటను 1920లలో ఇంగ్లీషు ఇంజినీరు రాబర్ట్ బ్రిస్టో తవ్వించి, పెద్ద ఓడలకు దారి చేశాడు. తేడా వచ్చింది కాలంతోనే. వాస్కో డ గామా 1498 ఏప్రిల్ చివర్లో ఆఫ్రికా తీరంలోని మాలింది నుంచి బయల్దేరితే, వెనక నుంచి తోసే నైరుతి గాలి అతణ్ని నాలుగు వారాల్లోపే మలబారుకు చేర్చింది. తిరుగు ప్రయాణంలో ఈశాన్య గాలి కుదురుకునే దాకా ఆగకుండా అక్టోబరు మొదట్లోనే తెరచాపలెత్తాడు. అదే సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. చిగుళ్లు వాచి కుళ్లే స్కర్వీ జబ్బుతో నావికులు రాలిపోయారు. అరబ్బు సరంగులైతే ఆ తొందర పడేవారు కారు. చలికాలపు గాలి ఇండియా నుంచి ఆఫ్రికాకు వీస్తుందని వాళ్లకు తరతరాలుగా తెలుసు. 2008లో పందెం పడవలు భూమధ్యరేఖ దాటి కొచ్చి వైపు తిరిగింది సరిగ్గా ఆ గాలి మొదలయ్యే రోజుల్లో, దానికి ఎదురుగా.

ఇప్పటి పడవలు ఎదురుగాలికీ వాలుగా కోసుకుంటూ పోగలవు కదా అనవచ్చు. పోగలవు, కానీ దానికి మూల్యం ఉంది. 2009 జనవరిలో సింగపూర్ నుంచి చింగ్‌దావ్‌కు వెళ్లేటప్పుడు ఈశాన్య రుతుపవనం దక్షిణ చైనా సముద్రంలో పడవలను విరగ్గొట్టింది. కొన్ని దారిలోనే మరమ్మతులకు ఆగాయి. ఆ నెలలో పాత కాలపు చైనా ఓడలు సింగపూర్ జలసంధి వైపు దిగివచ్చేవే తప్ప ఎదురెక్కేవి కావు. అదే పందెంలో కేప్‌టౌన్ వైపు వెళ్తూ, వెనక గాలి దొరికిన ఎరిక్సన్ 4 అనే పడవ ఒక్క రోజులో 596.6 నాటికల్ మైళ్లు పరుగెత్తి రికార్డు కొట్టింది. పందేనికి వచ్చేవాళ్లు కోరుకునేది ఇలాంటి పరుగే.

కేప్‌టౌన్‌ను ఈ పందెం కనిపెట్టలేదు. దక్షిణాన 40 డిగ్రీల అక్షాంశం దాటాక ఎడతెగకుండా వీచే పడమటి గాలిని పట్టుకుంటే జావాకు త్వరగా చేరవచ్చని డచ్చి నావికుడు హెన్‌డ్రిక్ బ్రౌవర్ 1611లో చూపించాడు. ఆ దారిన పోయే డచ్చి ఓడలకు నీళ్లు, మాంసం, ముఖ్యంగా కూరగాయలు అందించడానికే 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి వాన్ రీబేక్ అక్కడ మజిలీ పెట్టాడు. కంపెనీ వేసిన ఆ కూరల తోట ఇప్పటికీ ఊరి నడిబొడ్డున పార్కుగా ఉంది. 1973లో తొలి పందెం, అప్పటి పేరు విట్‌బ్రెడ్, పోర్ట్స్‌మత్ నుంచి కేప్‌టౌన్, సిడ్నీ, రియో డి జనీరోల మీదుగా తిరిగి పోర్ట్స్‌మత్ చేరింది. ఆస్ట్రేలియా ఉన్ని మోసిన క్లిప్పర్ ఓడల దారి దాదాపుగా ఇదే. వర్ణవివక్ష మీద బహిష్కరణ గట్టిగా ఉన్న 1989-90లో పందెం కేప్‌టౌన్‌ను వదిలేసింది. 1997-98లో మళ్లీ అక్కడికే వచ్చింది. రాజకీయం పక్కకు తప్పించిన రేవును దారి వెనక్కి తెచ్చుకుంది.

నా వాదనకు గట్టి చిక్కు అలికాంతె. స్పెయిన్‌లోని ఆ ఊరు క్లిప్పర్ల రేవు కాదు, అయినా 2008 నుంచి 2023 దాకా ప్రతి పందెమూ అక్కడే మొదలైంది. అది పూర్తిగా డబ్బు పనే, ఒప్పుకుంటాను. అయితే బయల్దేరే చోటు మజిలీ కాదు. పడవలు అక్కడికి తీరిగ్గా చేరతాయి కాబట్టి గాలిని అడగాల్సిన పనిలేదు. దక్షిణ అమెరికాలోనూ రియో, మార్ డెల్ ప్లాటా, పుంటా డెల్ ఎస్తె, ఇప్పుడు ఇతజాయి అంటూ ఊళ్లు మారుతూ వచ్చాయి. కేప్ హార్న్ తిప్పుకుని అలసి వచ్చిన పడవ ఆగాల్సిన తీరం మాత్రం మారలేదు. తీరాన్ని గాలి తేలుస్తుంది, అందులో ఏ ఊరన్నది బేరం తేలుస్తుంది.

అబుదాబి, చైనాలోని సాన్యా రెండేసి సార్లు ఆతిథ్యమిచ్చిన మాట నిజమే. కానీ 2011-12లో సోమాలియా సముద్రపు దొంగల భయంతో అబుదాబి దారిలో కొంత దూరం పడవలను ఓడ మీదికి ఎక్కించి తీసుకెళ్లారు. మజిలీ కోసం పందేన్నే ఆపి మోసుకెళ్లడమంటే ఇదే మరి! కోవిడ్ తర్వాత మజిలీలను కుదించాల్సి వచ్చినప్పుడు చైనా రేవు జాబితా నుంచి పోయింది. 2023లో పడవలు కేప్‌టౌన్ నుంచి ఇతజాయికి 12,750 నాటికల్ మైళ్లు, మధ్యలో ఎక్కడా ఆగకుండా దక్షిణ సముద్రం మీదుగానే వెళ్లాయి. మహమ్మారి అనేది సాకు, అసలు కారణం గాలే అని నేననను. కోత పెట్టాల్సి వచ్చినప్పుడు ఏది మిగిలిందో చూడమంటాను.

స్పాన్సర్లు, గిరాకీ లాంటివేవీ లేని ప్రయాణం ఒకటి ఈ లెక్కను సరిచూడటానికి పనికొస్తుంది. భారత నౌకాదళం మహిళా అధికారులు ఆరుగురు 2017 సెప్టెంబరులో ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవ మీద గోవా నుంచి ప్రపంచ ప్రదక్షిణకు బయల్దేరారు. వాళ్లలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. అది పందెం కాదు, ఏ ఊరూ పాడుకున్న మజిలీ అందులో లేదు. అయినా వాళ్లు ఆగింది ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్‌లలో, అన్నీ తెరచాపల కాలం నాటి రేవులే. తిరుగు దారిలో చుక్కాని యంత్రం మొరాయించి అనుకోకుండా మరో చోట ఆగాల్సి వచ్చింది. అది మారిషస్‌లోని పోర్ట్ లూయీ. ఇండియాకు వచ్చిపోయే ఓడల కోసం 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు కట్టుకున్న మజిలీ.