కంతుల జాడ తీయు కిరణములు

రోగమును కుదుర్చుటకు ముందు దాని నెలవు తెలియవలెను. పైకి కనబడు పుండును వైద్యుడు కంటితో చూచును, చేతితో తడవి చూచును. మెదడులోనో, ఎముక లోపలనో దాగిన రాచపుండును కనుగొనుట యెట్లు? ఎక్స్‌రే ఎముకను చక్కగా చూపును. కాని మెత్తని భాగములలో కంతి యేదో, కంతి కానిదేదో స్పష్టముగా చూపజాలదు. ఈ కొరత తీరిన చరిత్ర ఒక మొక్కతో ప్రారంభమైనదనుట మనకు వింతగా తోచవచ్చును.

హంగేరీ దేశీయుడైన హెవెషీ 1923లో చిక్కుడు వంటి యొక మొక్క వేళ్లను రేడియోధార్మిక సీసము కలిపిన నీటిలో ఉంచి, ఆ సీసము కాండమునకు, ఆకులకు ఎంతెంత చేరెనో కొలిచెను. పెద్దేముల్, తాండూరు ప్రాంతములలో కంది పండించు రైతునకు మొక్క వేరుతో సారమును పీల్చునని తెలియును. ఆ సారము ఎచటికి, ఎంత పోవునో లెక్కకట్టి చూపినవాడు హెవెషీ. రేడియోధార్మిక పరమాణువు రసాయన గుణమున తన తోడివాని వంటిదే. కాని పోయినచోటనెల్ల కిరణమును వెలువరించి తన జాడను తానే చెప్పును. ఈ పద్ధతికై ఆయనకు 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

ఈ ఉపాయమును వైద్యులు త్వరలోనే అందుకొనిరి. 1948లో అమెరికాలో మూర్ అను శస్త్రవైద్యుడు ఒక రంగునకు రేడియోధార్మిక అయొడిను జతచేసి, మెదడులోని కంతుల చోటును గుర్తించుటకు ప్రయత్నించెను. అయితే అయొడిను-131 సగమగుటకు ఎనిమిది దినములు పట్టును. దాని బీటా కిరణములు శరీరమునకు హాని చేయును. కనుక కొద్దిగానే ఈయవలెను. కొద్దిగా ఇచ్చినచో చిత్రము మసకబారును. త్వరగా నశించు పదార్థము కావలెను. కాని త్వరగా నశించునది దూరము పోజాలదు. ఇదియే అసలు చిక్కు.

దీనికి పరిష్కారము అంతకుముందే పుట్టియుండెను. 1937లో పాలెర్మోలో పెరియే, సెగ్రే అనువారు టెక్నీషియము అను మూలకమును కనుగొనిరి. మరుసటి యేడు సెగ్రే, సీబోర్గ్‌లు దాని యొక రూపమును గుర్తించిరి. అది ఆరు గంటలలో సగమగును. సుమారు ఇరువది యేండ్లు దానిని వైద్యమునకు వాడినవారు లేరు. 1950 దశకము చివర బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో టక్కర్, గ్రీన్ అనువారు ఒక చిన్న యంత్రమును నిర్మించిరి. అందులో 66 గంటలకు సగమగు మాలిబ్డినము ఉండును. అది నశించుచు టెక్నీషియమును పుట్టించును. ఉప్పునీరు పోసి దానిని దింపుకొనవచ్చును. పనివారు దీనికి 'ఆవు' అని పేరు పెట్టిరి. పిదికిన కొలది మరల చేపును. ఆవును దూరదేశమునకు పంపినచో పాలు అక్కడనే లభించును గదా! 1964లో చికాగోలో హార్పర్ బృందము దీనితో మెదడులోని కంతులను చిత్రించెను. 1958లో ఆంగర్ ప్రకటించిన గామా కెమేరా ఈ పనికి చక్కగా తోడ్పడినది.

కంతి చక్కెరను అధికముగా హరించునని వార్‌బుర్గ్ 1920 దశకముననే కనుగొనియుండెను. ఫ్లోరిన్-18 జతచేసిన చక్కెరను 1976లో బ్రూక్‌హేవెన్‌లో తయారుచేసి, విమానమున ఫిలడెల్ఫియాకు చేర్చి, మెదడు పనిని చూచుటకై తొలిసారి మనుష్యులకిచ్చిరి. తరువాత అదియే కంతుల వేటకు ముఖ్య సాధనమైనది. అది 110 నిమిషములలో సగమగును. అందుకే అంత త్వరపడవలసి వచ్చినది.

మన దేశమున 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టరు పనిచేయ నారంభించెను. 1963లో బొంబాయిలో రేడియేషన్ మెడిసిన్ సెంటరు ఏర్పడెను. వైద్యమునకై సైక్లోట్రాను 2002లో అచటనే వచ్చినది. హైదరాబాదున 1955లో వెలసిన క్యాన్సరు ఆసుపత్రికి నేడు మెహదీ నవాజ్ జంగ్ పేరున్నది. చక్కెరతో తీయు పెట్ స్కాను నేడు ఆ నగరమున లభించుచున్నది.

పెద్దేముల్ నుండి హైదరాబాదు సుమారు నూరు కిలోమీటర్లు. బస్సు చేరులోపల ఫ్లోరిన్ సగమునకు పైగా తరిగిపోవును. కనుక ఆ మందు పల్లెను వెదకికొని రాజాలదు, పల్లెవాడే పోవలెను. పోవుటకు ఒక దినపు కూలియు, బస్సు ఖర్చును కావలెను. శాస్త్రజ్ఞులు ఇన్ని యేండ్లు గంటలతో, నిమిషములతో పోరాడి సాధించినది, మనము నెలల తరబడి చేయు ఆలస్యమువలన వ్యర్థము కారాదు. కంతి తొలిదశలో తరచుగా నొప్పి పుట్టింపదు. నొప్పి లేదని ఉపేక్షింపక, తగ్గని గడ్డను వెంటనే వైద్యునకు చూపుట మన విధి.