కత్తెర ముందే పడిన ఫొటోలు

1980లో గాజాలో పుట్టిన హాజెమ్ హర్బ్ పాత పాలస్తీనా ఫొటోలను కోసి, అతికించి బొమ్మలు చేస్తాడు. 2015 నాటి 'ఆక్రమణ పురాతత్వం' వరసలో, 1948కి ముందు తీసిన నలుపు తెలుపు కొండల మీద నున్నటి కాంక్రీటు దిమ్మెలు దిగబడి ఉంటాయి. ఆధారం మీద కత్తెర వేస్తే సాక్ష్యం చెడిపోదా అని అడిగేవాళ్లున్నారు. కొట్టిపారేయాల్సిన మాట కాదిది. 1948 యుద్ధంలో ఊళ్లే లేకుండా పోయినచోట ఫొటోయే దస్తావేజు. కానీ ఆ ఫొటోలు పుట్టిన తీరు, చేతులు మారిన తీరు చూస్తే, వాటి మీద కత్తెర ఎప్పుడో పడిందని తెలుస్తుంది.

1867లో బేరూత్‌లో స్టూడియో పెట్టిన ఫ్రెంచివాడు బోన్‌ఫిస్ మొదలు జెరూసలేంలోని అమెరికన్ కాలనీ ఫొటోగ్రాఫర్ల దాకా, కొనేవాళ్లలో ఎక్కువమంది యాత్రికులు, పర్యాటకులే. వాళ్లకు కావలసింది బైబిల్ నేల. అందుకే గొర్రెల కాపరి, నీళ్లు మోసే ఆడమనిషి తమ కాలపు మనుషుల్లా కాక లేఖనాల్లోని పాత్రల్లా నిలబడ్డారు. ఇదంతా పరాయివాళ్ల పనే అనడానికీ లేదు. 1890 ప్రాంతంలో జెరూసలేం యాఫా వీధిలో స్టూడియో తెరిచిన ఖలీల్ రాద్, తొలి అరబ్ ఫొటోగ్రాఫర్లలో ఒకడు, తనూ బైబిల్ ఘట్టాలు అమర్చి తీశాడు. గిరాకీ అలాంటిది. 1948 యుద్ధంలో రాద్ స్టూడియో ఎవరికీ చెందని సరిహద్దు జాగాలో చిక్కుకుంది. ఇటలీకి చెందిన ఒక కుర్ర స్నేహితుడు రాత్రిపూట దొంగచాటుగా వెళ్లి నెగటివ్‌లు తెచ్చాడంటారు. ఫొటోలే కాదు, దస్తావేజులూ చేతులు మారాయి. 1982లో బేరూత్‌లోని పాలస్తీనా పరిశోధన కేంద్రం గ్రంథాలయాన్ని, కాగితాలను ఇజ్రాయెల్ సైన్యం పట్టుకుపోయింది. మరుసటేడు ఖైదీల మార్పిడిలో భాగంగా తిరిగిచ్చింది. కాగితాలూ ఖైదీల లెక్కలోకి వచ్చాయన్నమాట.

మరి దక్కినవాటిని భద్రం చేయక కోయడమెందుకు? భద్రం చేసే పనీ జరిగింది. పాలస్తీనా చరిత్రకారుడు వలీద్ ఖాలిదీ 1984లో తెచ్చిన పుస్తకం 1876 నుంచి 1948 దాకా తీసిన ఫొటోలను కోత లేకుండా వరసపెట్టి, అక్కడొక సమాజం బతికిందని చూపింది. ఆ పని ముందు జరగాల్సిందే. అయితే పేజీ తర్వాత పేజీ నిండుగా తిరుగుతుంటే, చెదిరిపోయింది ఎంతన్నది చదివేవాడికి తట్టదు. హర్బ్ అతుకును దాచడు. పోయిన భాగం పోయినట్టే కనిపిస్తుంది. నాకు వేరే అనుమానముంది. ఆ కాంక్రీటు మరీ అందంగా ఉంటుంది. కొన్నవాడి గోడ మీద అది వట్టి డిజైనుగా మిగిలి, కిందనున్న ఊరి పేరు ఎవరూ అడగకపోవచ్చు. ఈ అభ్యంతరానికి కొలాజ్‌లో జవాబు దొరకదు. పేరు, తేదీ పక్కన రాసిపెట్టాల్సిన పని ప్రదర్శించేవాళ్లది.