లంగరు మోకు – లంగరు గొలుసు

లంగరు అనగానే కొక్కెం వంటి ఇనుప ముక్క కళ్ళముందు కదులుతుంది. కాని ఓడను నిలబెట్టేది అదొక్కటే కాదు, దానికి కట్టిన మోకో, గొలుసో కూడా. రేవుల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రులకు ఇందులో కొంత తెలిసిన సంగతే. ఇంట్లో మనుమలకు చెప్పడానికైనా పనికివస్తుందని వ్రాస్తున్నాను.

రెండు వందల ఏళ్ళ క్రితం దాకా పెద్ద ఓడలకు మోకులే దిక్కు. ఐరోపాలో వాటిని హెంప్ నారతో (అది గంజాయి జాతి మొక్క నారే!) పేనేవారు. 1765లో నీళ్ళలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌక విక్టరీ లంగరు మోకు చుట్టుకొలత 24 అంగుళాలు. అంత లావు మోకు క్యాప్‌స్టన్‌కు చుట్టుకోదు. అందుచేత సన్నని తాడొకటి క్యాప్‌స్టన్‌కు చుట్టి, మోకును దానికి చిన్న తాళ్ళతో కడుతూ, విప్పుతూ లోపలికి లాగేవారు. బురదతో, ఉప్పునీటితో వచ్చిన ఆ మోకును ఓడ అడుగు అంతస్తులో గాలి తగిలేలా చుట్టలుగా పరచి ఆరబెట్టాలి. ఆరకపోతే లోలోపలే కుళ్ళుతుంది. ఆ సంగతి తుపానులో గాని బయటపడదు.

మన తీరంలో కొబ్బరి పీచు తాడు ఈ విషయంలో మేలు. ఉప్పునీటికి ఓర్చుకుంటుంది, నీటిపై తేలుతుంది. మసులా పడవల పలకలను కుట్టింది కూడా దానితోనే.

కుళ్ళుకన్నా కోత మరీ ప్రమాదం. 1768 ఏప్రిల్‌లో ఫ్రెంచి నావికుడు బూగెన్‌విల్ తాహితీ దగ్గర తొమ్మిది రోజుల్లో ఆరు లంగర్లు పోగొట్టుకున్నాడు. అడుగునున్న పగడపు రాళ్ళు మోకులను రంపంలా కోసివేశాయి.

1808లో బ్రిటిష్ నౌకాదళ అధికారి శామ్యూల్ బ్రౌన్ పెనిలోపి అనే ఓడకు ఇనుప గొలుసులు అమర్చి, వెస్టిండీస్ దాకా నడిపి చూపించాడు. 1820లో ట్వీడ్ నదిపై ఆయన కట్టిన ఇనుప వంతెన నేటికీ నిలిచి ఉంది. 1813లో థామస్ బ్రంటన్ గొలుసు కడియాల మధ్య అడ్డుకమ్మీ పెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. దానివల్ల కడియం నొక్కుకుపోదు, గొలుసు మెలిక పడదు.

అయితే ఇనుమును గుడ్డిగా నమ్మరాదు. 1859 అక్టోబరు 25 రాత్రి, మెల్బోర్న్ నుండి లివర్‌పూల్‌కు బంగారంతో వస్తున్న రాయల్ చార్టర్ వేల్స్ తీరాన తుపానులో రెండు లంగర్లు వేసింది. అర్ధరాత్రి దాటాక ఒక గొలుసు తెగింది. గంటకు రెండవదీ తెగింది. సుమారు 450 మంది పోయారు. అమ్మే ముందు లంగరు గొలుసులను పరీక్షించి తీరాలని బ్రిటన్‌లో చట్టం వచ్చింది 1864లో.

నైలాను వచ్చాక చిన్న పడవలకు రెండూ కలిశాయి. లంగరు దగ్గర కొన్ని బారల గొలుసు, ఆపైన నైలాను తాడు. గొలుసు రాళ్ళ కోతకు తట్టుకుంటుంది, తన బరువుతో లంగరును నేలకు అదిమి ఉంచుతుంది. తాడు సాగి అలల కుదుపును మింగుతుంది. తాడునూ గొలుసునూ మంచినీటితో కడిగి, అడుగున నీరు పోయే గదిలో దాచాలి. ఎంత వదిలామో తెలియడానికి కొలత కొలతకూ రంగు గుర్తులు పెట్టాలి.

గొలుసు రెండవ కొసను మాత్రం పడవకు ఇనుప బోల్టుతో బిగించరు. తాడుతో కడతారు. ఆ తాడు పైకి అందేంత పొడవుండాలి. మీదికి మరో నౌక కొట్టుకొస్తున్నప్పుడు లంగరు లాగే వ్యవధి ఉండదు. కత్తితో ఒక్క వేటు వేసి తప్పుకోవాలి.