వారాల కుర్రాళ్లు

మా నాయనమ్మ విజయనగరంలో కాపురమున్న రోజుల్లో ఆవిడకు గురువారం కుర్రాడొకడు ఉండేవాడట. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట, అలా ఏడిళ్లు మాట్లాడుకుని చదువు సాగించేవాళ్లు వారాల కుర్రాళ్లు. పొద్దున్నే నూతిలో నాలుగు చేదలు తోడిపెట్టడం, దేవుడికి పూలు కోసుకురావడం, తిన్నాక తన విస్తరి తనే తీసి ఆ చోటు అలికిపోవడం వాళ్ల వంతు. తద్దినం నాడు గారెలు దొరికేవి. ఆ ఇంట పురుడో మైలో వచ్చిందా, ఆ పూటకి పస్తే. "మారు వడ్డించమని నోరు తెరిచి అడిగేవాడు కాదమ్మా, నేనే కనిపెట్టి వెయ్యాలి" అనేది నాయనమ్మ.

ఈ ఆచారాన్ని మురిసిపోతూ చెప్పుకునేవాళ్లు ఒకటి దాటేస్తారు. జంధ్యం ఉన్న పిల్లవాడికే ఆ గుమ్మాలు తెరుచుకునేవి. మిగతావాళ్లు ఊరు వదిలి చదువుకోవాలంటే హాస్టళ్లు రావలసి వచ్చింది. 1918లో హైదరాబాదులో తర్వాత కొత్వాలైన వెంకటరామారెడ్డి పూనికతో వచ్చిన రెడ్డి హాస్టల్ అలాంటిదే. అదీ కులం పేరుతోనే అనుకోండి.

జంధ్యం ఉన్నా ఆ తిండి పరువు మీద నిలబడ్డదే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులు, వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామి నాయుడు. ఆ పేర్లు విని, వేలి ఉంగరం అమ్ముకుని, ఇంట్లో చెప్పకుండా కృష్ణా జిల్లా నుంచి రైలెక్కి వచ్చాడో తండ్రి లేని కుర్రాడు. తీరా వస్తే కళాశాలకు సెలవులు. తోటివాళ్లు చేసిన తప్పు తన మీద పడి, దొరికిన నీడా పోయింది. నిందపడ్డవాడికి వారాలెవరిస్తారు?

ఆ కళాశాలలో సంగీతం మాస్టారు పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీశారు. పాఠం ఉచితంగా చెప్పగలరు గాని, పూటపూటా అన్నం పెట్టే స్తోమత ఆయనకూ లేదు. కుర్రాడు భుజాన జోలె కట్టుకుని మధుకరానికి బయల్దేరాడు. ఈ ఇంటి పప్పన్నం, ఆ ఇంటి పులుసన్నం, పచ్చడి మెతుకులు అన్నీ ఆ ఒక్క గుడ్డలోనే.

ఆ కుర్రాడు ఘంటసాల వెంకటేశ్వరరావు. తర్వాత మద్రాసులో గురువుగారి అబ్బాయి సంగీతరావు హార్మోనియంతో ఆయన పక్కన ఏళ్ల తరబడి, 1974లో ఘంటసాల పోయేదాకా, సహాయకుడిగా ఉన్నారు. ఘంటసాల గురువు రుణం తీర్చుకున్నాడంటారు. నాకలా తోచదు. ఒకే గురువు దగ్గర పాట నేర్చిన ఇద్దరు ఒకచోట పని చేసుకున్నారు, అంతే.